నాలుగో అంతస్తులో నారింజ గుడ్డ

పొద్దున్న ఏడూ పదహారుకల్లా కుజుమి తెత్సురో మూడో నంబరు ప్లాట్‌ఫారం చివరి స్తంభం దగ్గరికి చేరి, రైలు వచ్చే వైపు కాకుండా దానికి ఎదురు వైపు తిరిగి నిలబడేవాడు. అక్కడ రైలు మారడానికి అతనికి దొరికేవి నాలుగు నిమిషాలు. మొదటి నిమిషం కళ్లజోడు తుడుచుకోవడానికి సరిపోయేది. రెండో నిమిషంలో పట్టాల అవతల ఉన్న పాత భవనం అంతస్తులు లెక్కపెట్టేవాడు. కింది నుంచి నాలుగు, ఎడమ నుంచి మూడు. ఆ తలుపు పిడికి నారింజ రంగు గుడ్డ వేలాడుతూ కనిపిస్తే గుండె కుదుటపడేది. మిగిలిన రెండు నిమిషాల్లో మెషీన్‌లోంచి వేడి కాఫీ డబ్బా కొనుక్కుని తాగేవాడు.

రోజూ అదే రైలెక్కే ఒక పెద్దమనిషి అతన్ని చాలాకాలం గమనించి, ఆ దిక్కున గుడి ఏదో ఉందనుకుని, తనూ అటు తిరిగి ఒక నమస్కారం పెట్టడం మొదలుపెట్టాడు. కుజుమి కాదనలేదు. అతను చేసేదీ ఒక రకంగా ప్రార్థనే. ఒక ఎనభై నాలుగేళ్ల ఆవిడ ఆ రోజుకి బతికే ఉందని తెలుసుకుని దేవుళ్లకి దణ్ణం పెట్టుకునేవాడు. ఆవిడ అతనికి చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఆ మూడో తలుపు వెనకున్న ఇల్లు అతనిది, అందులో ఉన్న మనిషి అద్దెకున్న మనిషి.

కుజుమి పనిచేసే కంపెనీ లంచ్ బాక్సుల్లో అన్నానికీ చేపకీ మధ్య పెట్టే పచ్చటి ప్లాస్టిక్ ఆకులు తయారు చేస్తుంది. ముప్పై మూడేళ్లుగా అతను ఆ ఆకులు అమ్ముతున్నాడు. అరవై నిండినవాళ్లకి కంపెనీ ఒక పూలగుత్తి ఇచ్చి, చప్పట్లు కొట్టి సాగనంపుతుంది. మర్నాడు అదే కుర్చీలో సగం జీతానికి కూర్చోబెడుతుంది. కుజుమికి యాభై ఆరు వచ్చేసరికి కలలో కూడా పూలగుత్తి కనబడి ఉలిక్కిపడటం మొదలైంది. అలాంటి రోజుల్లోనే ఒక ఆదివారం హోటల్ హాల్లో పెట్టిన ఉచిత ఉపన్యాసానికి వెళ్లాడు. పింఛను ఒక్కటే నమ్ముకుంటే నట్టేట మునుగుతారని గంటసేపు భయపెట్టి, తరువాత కాఫీ ఇచ్చారు. కాఫీతోబాటు హనావా అనే ఏజెంటు కూడా వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, సూదిమొన లాంటి బూట్లు.

"సార్, కొత్త ఇళ్లు మనలాంటివాళ్లం కొనలేం. పాతది తీసుకోండి," అని కాగితం ముందుకు జరిపాడు. "రాయల్ హైట్స్ మిదొరిగావొకా."

పేరు గొప్ప, ఊరు దిబ్బ. రాచరికం లేదు, ఎత్తూ లేదు. అయిదు అంతస్తులు, లిఫ్టు లేదు. కట్టి యాభై ఏళ్లు. భూకంపాల నిబంధనలు గట్టిపడకముందు కట్టినది కాబట్టి చవక. అద్దెకున్న మనిషితో సహా అమ్ముతారు కాబట్టి ఇంకా చవక.

"లోపల ఎప్పుడు చూడొచ్చు?" అని అడిగాడు కుజుమి.

"చూడటం కుదరదు సార్. లోపల ఉన్నవాళ్లని ఇబ్బంది పెట్టకూడదు కదా. ఇలాంటివి అందరూ అలాగే కొంటారు."

"చూడకుండానా?"

"తలుపు చూడొచ్చు సార్. తలుపు చాలా బాగుంటుంది."

"ఉన్నదెవరు?"

"ఒక్కావిడే. ఇసొగాయి ఫుసాగారని. ముప్పై ఒక్క ఏళ్లుగా ఉంటున్నారు. అద్దె ఒక్కరోజు ఆలస్యం చేసింది లేదు. వయసు మాత్రం..." హనావా గొంతు తగ్గించాడు. "ఎనభై నాలుగు సార్."

ఇద్దరూ కాఫీ తాగారు. ఆవిడ ఉన్నన్నాళ్లు అద్దె వస్తుంది. ఆ తరువాత ఇల్లు ఖాళీ అవుతుంది, నేలా గోడలూ మార్చి అమ్మితే రెట్టింపు పలుకుతుంది. ఇద్దరూ ఒకే లెక్క వేసుకున్నారు. ఇద్దరూ మర్యాదస్తులు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

భార్య కజుయో మందుల షాపులో పనిచేస్తుంది. ఆ సాయంత్రం సూప్ వడ్డిస్తూ సంగతంతా విన్నది.

"నన్ను చేసుకునే ముందు మూడుసార్లు చూశారు కదండీ. ఇంటిని ఒక్కసారైనా చూడరా?"

"తలుపు చూశాను."

"బాగుందా?"

"చాలా బాగుంది."

"అయితే ఇంకేం, తలుపుతో కాపరం చెయ్యండి," అని ఆవిడ లేచి వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లు దాచిన డబ్బంతా సెప్టెంబరు నెలాఖరుకి ఆ తలుపు వెనక్కి వెళ్లిపోయింది.

రిజిస్ట్రేషన్ అయిన మూడో వారం, సగం జుట్టు కత్తిరించాక, మంగలి ఉబుకాతా ఆ మాటా ఈ మాటా చెబుతూ తన బావమరిది గొడవ ఎత్తుకున్నాడు.

"వాడూ ఇలాగే ముసలాయన్తో సహా కొన్నాడండీ. ఆయనేమో ఎండాకాలంలో ఒక్కడే ఇంట్లో పోయాడు. ఇరవై రోజులదాకా ఎవరికీ తెలీలేదు. ఇంకేముంది, నేల పీకించాడు, గోడలు పీకించాడు, పంతుల్ని పిలిపించి మంత్రాలు చదివించాడు. అయినా కొనేవాడికి ఆ సంగతి చెప్పి తీరాలి కదా, దాస్తే కేసు. చెప్పగానే బూట్లు తొడుక్కుని వెళ్లిపోతారు. నాలుగేళ్లయింది, ఈగ వాలలేదు. ఏమండీ, తల కదపకండి, చెవి తెగుద్ది."

కుజుమి తల కదలకుండా కూర్చున్నాడు గానీ లోపల అన్నీ కదిలిపోయాయి. ఆవిడ పోవాలి. కానీ ఇంట్లో పోకూడదు. పోయినా పక్కన ఎవరో ఒకరు ఉండగా పోవాలి. అప్పటిదాకా నిక్షేపంలా ఉండాలి. ఎదుటివాళ్ల చావు కోసం ఎదురుచూసేవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు గానీ, దానికి ఇన్ని షరతులు పెట్టుకున్నవాడు మాత్రం ఆ వీధిలో కుజుమి ఒక్కడే.

ఆ ఆదివారమే ఒక తువ్వాలు కాగితంలో చుట్టించుకుని పరిచయానికి వెళ్లాడు. నాలుగు అంతస్తులు ఎక్కేసరికి ఊపిరి అందలేదు. తలుపు గొలుసు మేరకి తెరుచుకుంది. సందులోంచి ఒక కన్ను, నున్నగా దువ్విన తెల్ల జుట్టు, సగం ముఖం కనిపించాయి.

"కొత్త ఓనరుగారా? నిటారుగా నిలబడండి. గూని వస్తుంది."

కుజుమి తెలియకుండానే నిటారుగా నిలబడ్డాడు. ఆవిడ ముప్పై ఏళ్లు టూరిస్టు బస్సుల కంపెనీలో గైడు పిల్లలకి శిక్షణ ఇచ్చిన మనిషని అతనికి తరువాత తెలిసింది. నిలబడటం, నవ్వడం, మలుపులో పడిపోకుండా పాట పాడటం, అన్నీ నేర్పేదట.

"తువ్వాలా? పోయినాయన సబ్బు ఇచ్చాడు. ఆయన ముందాయన పుట్టగొడుగులు. మొదటాయన ఏమీ ఇవ్వలేదు, అందుకే తొందరగా పోయాడు."

"పోయాడంటే..."

"పోయాడంటే పోయాడనే. మీరు నాకు నాలుగో ఓనరు. ఒకాయనకి గుండె, ఒకాయనకి లివరు, మూడో ఆయన గోల్ఫ్ ఆడుతూ ఆడుతూ. ముగ్గురి ఇళ్లకీ అగరొత్తుల ఖర్చుకని డబ్బు పెట్టి కవరు పంపించాను. వాళ్ల పెళ్లాలు నలభై తొమ్మిదో రోజు కర్మ కూడా కానివ్వకుండా అమ్మేశారు. మీకు బీపీ ఉందా?"

"కొంచెం..."

"మెట్లెక్కినప్పుడే అనుకున్నాను," అని ఆవిడ తువ్వాలు అందుకుంది. తలుపు మూయబోతూ పిడికున్న నారింజ గుడ్డని సరిచేసింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు పొద్దున్న లేవగానే ఆ గుడ్డ బయట కట్టాలి, సాయంత్రం అయిదింటికి లోపలికి తీసుకోవాలి. అది నివాసుల సంఘం పెట్టిన నియమం, ఆ అంతస్తులో అందరూ అలాంటివాళ్లే. ఎనిమిదిన్నర దాటినా గుడ్డ కనబడకపోతే కేర్‌టేకర్ కొమొరి వచ్చి తలుపు తడతాడు.

దిగి వెళ్తూ కుజుమి వెనక్కి తిరిగి చూశాడు. తలుపులన్నీ బయటి వరండాలోకే ఉన్నాయి. వరండా స్టేషన్‌కి ఎదురుగా ఉంది. స్టేషన్ తను రోజూ రైలు మారేదే. ఆ క్షణాన అతనికి తన అదృష్టం మీద నమ్మకం మళ్లీ కలిగింది.

అక్కడినుంచి కుజుమి జీవితం ఆ గుడ్డకి కట్టుబడింది. చలికాలం మొదలవగానే ఒక పెట్టె కమలాపండ్లు పట్టుకెళ్లాడు. గాలి పొడిగా ఉంటే గొంతు పడుతుందని ఆవిరి యంత్రం ఇచ్చాడు. మెట్ల మీద జారకుండా సంఘంతో పోట్లాడి రెండోవైపు కూడా పట్టుకునే కడ్డీ వేయించాడు. చలికి వేడిగాలి ఇచ్చే కొత్త ఏసీ పెట్టించి, "రోజంతా వేసుకోండి, కరెంటు బిల్లులో సగం నాది" అని తలుపు సందులోంచి చెప్పి వచ్చాడు. ఎప్పుడు వెళ్లినా గొలుసు వేసే ఉండేది. సొంత ఇంటి లోపల అతను చూసింది నాలుగు వేళ్ల వెడల్పు మాత్రమే.

"మా అమ్మ పుట్టినరోజు ఎప్పుడండీ?" అని అడిగింది కజుయో ఒకరోజు.

"ఏ... ఏప్రిల్ కదూ?"

"జూన్. ఆవిడ పుట్టినరోజు?"

"నవంబరు పన్నెండు," అన్నాడు కుజుమి ఠక్కున. అద్దె ఒప్పందంలో ఉంది మరి.

"కొడుకు లేని లోటు తీరుస్తున్నారన్నమాట. అద్దె మనకి వస్తోందా, మనమే ఇస్తున్నామా?"

ఫిబ్రవరిలో ఒక బుధవారం గుడ్డ కనబడలేదు. కుజుమి కళ్లజోడు మళ్లీ తుడిచాడు. అంతస్తులు పైనుంచి లెక్కపెట్టాడు, కుడి నుంచి లెక్కపెట్టాడు. మిగతా తలుపులకి గుడ్డలు గాలికి ఊగుతున్నాయి, మూడో తలుపు బోసిగా ఉంది. పక్కనున్న పెద్దమనిషి యథాప్రకారం నమస్కారం పెట్టాడు. రైలు వచ్చింది, వెళ్లిపోయింది. కుజుమి ఎక్కలేదు. ఆఫీసుకి కడుపునొప్పని చెప్పి, గేటు దాటి, పట్టాల కింది సొరంగం గుండా పరిగెత్తాడు. తాళంచెవి బ్యాగులోనే ఉంది. కానీ అద్దెకున్నవాళ్ల ఇంట్లోకి చెప్పకుండా అడుగుపెట్టే హక్కు ఓనరుకి లేదు. ఆ చట్టాన్ని తిట్టుకుంటూ నాలుగు అంతస్తులు ఎక్కి బెల్లు మీద వేలు పెట్టి తీయలేదు.

గొలుసు తీసిన చప్పుడయింది. మొదటిసారి తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఇసొగాయి ఫుసా ఇస్త్రీ చేసిన ఏప్రన్‌తో, చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది.

"పన్నెండు నిమిషాలు. పరవాలేదు. పోయినాయనకి రెండు రోజులు పట్టేది."

"గుడ్డ... గుడ్డ ఏదండీ?"

"లోపల ఉంది. సింకు కింద పైపు కారుతోందని మేనేజ్‌మెంటు వాళ్లకి డిసెంబరు నుంచి అయిదుసార్లు ఫోన్ చేశాను. చూస్తామన్నారు. గుడ్డ కట్టకపోతే ఓనరుగారే వస్తారని ఇవాళ తోచింది. రండి, బూట్లు విప్పండి. ఆ మేజోళ్లు కూడా, తడిసిపోతాయి."

కుజుమికి కోపం రావాలి. రాలేదు. బూట్లు విప్పాడు, మేజోళ్లూ విప్పాడు. తన ఇంట్లోకి తాను మొదటిసారి మేజోళ్లు లేకుండా అడుగుపెట్టాడు. రెండు గదులు. చాపల అంచులు వెలిసిపోయాయి గానీ ఎక్కడా ధూళి లేదు. గోడకి వరసగా ఫొటోలు, నీలం టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు, మధ్యలో చేతికి తెల్ల గ్లవ్స్‌తో ఆవిడ. వంటింట్లో సింకు ముందు నేల అడుగు వేస్తే లోపలికి దిగుతోంది. కుజుమి ఆ నేల మీద నిలబడి, మరమ్మతుకి ఎంతవుతుందో ఊహించుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"కూర్చోండి," అని ఆవిడ అతని మణికట్టుకి బీపీ యంత్రం తొడిగింది. అది కీచుకీచుమని ఊరుకుంది. ఆవిడ అంకె చూసి పెదవి విరిచింది. "నూట అరవై ఎనిమిది. నాది నూట ఇరవై రెండు. ఓనరుగారూ, ఈ పందెంలో మీరు వెనకబడ్డారు. నూడుల్స్ తిన్నాక ఆ ఉప్పు సూప్ తాగేస్తారు కదూ?"

"కొంచెం మిగులుస్తాను."

"అబద్ధం. గోల్ఫ్ ఆయన కూడా అదే చెప్పాడు."

పైపు మార్చారు, నేల మార్చారు. కజుయో లెక్క అడగలేదు, కాగితం చూసి నవ్వింది. అది ఇంకా ఘోరం. ఆ తరువాత గుడ్డ మరో రెండుసార్లు మాయమైంది. ఒకసారి బల్బు కోసం. ఒకసారి ఉడకబెట్టిన ముల్లంగీ చేపముక్కలూ ఎక్కువయ్యాయని తినిపించడానికి. రెండుసార్లూ కుజుమి పరిగెత్తాడు. అన్నిసార్లూ ఉత్తిదే కదా అని ఒక్కసారి ఊరుకుంటే, ఆ ఒక్కసారే నిజమవుతుందేమోనని భయం. ముల్లంగి మాత్రం బాగుంది, ఉప్పు తక్కువ.

నవంబరులో అతనికి జ్వరం తగిలి నాలుగు రోజులు మంచం దిగలేదు. అయిదో రోజు ప్లాట్‌ఫారం మీదకి వెళ్తే గుడ్డ యథాస్థానంలో ఉంది. ఆ నాలుగు రోజులూ ఏమై ఉంటుందోనని వెనక్కి తిరిగి భయపడి, రెండు కాఫీలు తాగాడు.

ఇలా ఏడాదిన్నర గడిచింది. మార్చి మొదటివారంలో హనావా ఫోన్ చేశాడు. బూట్లు కనబడకపోయినా గొంతులోనే మొన తెలుస్తోంది.

"సార్, అదృష్టం తలుపు తట్టింది. దోమొతోగారని, ఇలాంటివి యాభై దాకా కొని పెట్టుకున్న పెద్దమనిషి. మీది అడుగుతున్నాడు. మీరు పెట్టినదానికి పైనే ఇస్తాడు. అయితే సార్, త్వరపడాలి. ఆవిడ బాగున్నప్పుడే అమ్ముకోవాలి. ఎనభై అయిదు దాటింది కదా, ఇవాళ ఉన్నట్టు రేపు..."

"ఆయన ఇంటికి వస్తారా?"

"లోపలికి ఎవరొస్తారు సార్? బయటినుంచి చూస్తాడంతే. మంగళవారం ఎనిమిదింటికి, స్టేషన్ మీంచి."

కుజుమి సరేనన్నాడు. అనకేం చేస్తాడు? దిగే నేలలూ, కారే పైపులూ, రోజూ పొద్దున్న నాలుగు నిమిషాల ప్రాణసంకటం. కొనేవాడు యాభై ఇళ్ల ఆసామి, అతనికి ఇది యాభై ఒకటోది. ఆ ఆసామి కమలాపండ్లు పట్టుకెళ్తాడా అన్న ప్రశ్న మనసులోకి రాబోయింది. కుజుమి దాన్ని గుమ్మంలోనే నిలబెట్టాడు, గొలుసు తీయలేదు. ఆ ఆదివారం బియ్యం బిస్కట్ల డబ్బా ఒకటి, మామూలుకన్నా పెద్దది, ఆవిడకి ఇచ్చి వచ్చాడు. ఎందుకింత పెద్దదని ఆవిడ అడగలేదు. డబ్బా వైపు కాసేపు చూసి థాంక్స్ చెప్పింది.

మంగళవారం కుజుమి అర్ధరోజు సెలవు పెట్టి, ముందే ప్లాట్‌ఫారం చేరాడు. ఎనిమిదింటికి హనావా, వెనకే దోమొతో వచ్చారు. బొద్దుగా, తీరిగ్గా ఉన్నాడు. బజార్లో పుచ్చకాయని తట్టి చూసే మనిషిలా భవనాన్ని పైనుంచి కిందకి చూశాడు.

"ఎన్నో అంతస్తు?"

"నాలుగు. ఎడమ నుంచి మూడోది," అని చెయ్యి ఎత్తిన కుజుమి, చెయ్యి దించడం మరిచిపోయాడు.

ఆ అంతస్తులో ప్రతి తలుపుకీ నారింజ గుడ్డ ఉంది. మూడో తలుపుకి లేదు.

దోమొతో కొత్తవాడేం కాదు, ఆ గుడ్డల సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. గడియారం చూసుకున్నాడు, తలుపు వైపు మరోసారి చూశాడు, హనావా వైపు ఒకసారి చూశాడు. "ఎండ వచ్చాక మళ్లీ మాట్లాడదాం," అన్నాడు. మార్చి ఎండ అప్పటికే చక్కగా కాస్తోంది. రైలు రాగానే ఎక్కేశాడు. హనావా అతని వెనకే, "సార్, సార్, ఒక్క నిమిషం సార్," అంటూ దూకాడు. తలుపులు మూసుకున్నాయి.

కుజుమి వాళ్లని చూడలేదు. అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. పైపు అయ్యుండొచ్చు, బల్బు అయ్యుండొచ్చు అని మొదటి మెట్ల వరసలో అనుకున్నాడు. సొరంగంలోకి వచ్చేసరికి, ఆదివారం ఆవిడ డబ్బా వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. అద్దె, అమ్మకం, దోమొతో, ఉబుకాతా బావమరిది, ఏ ఒక్కటీ మనసులో లేదు. ఆవిడ వంటింట్లో పడిపోయి ఉంటుంది, తను మార్పించిన కొత్త నేల మీద, ఒక్కతీ, ఎవరినీ పిలవలేక. అంతే కనబడుతోంది. ఏడుపు వచ్చింది. ఎదురొచ్చిన స్కూలు పిల్లలు గోడకి అతుక్కుని దారి ఇచ్చారు. మూడో అంతస్తులో ఒక బూటు ఊడిపోయింది, వదిలేశాడు. ఇన్నాళ్లూ చట్టానికి భయపడి వాడని తాళంచెవి తీసి తలుపులో పెట్టబోతూ, "మామ్మగారూ! మామ్మగారూ!" అని భవనమంతా వినబడేలా అరిచాడు. అంతవరకు అతను ఆవిడని ఇసొగాయిగారు అని తప్ప పిలిచి ఎరుగడు.

తలుపు దానంతటదే తెరుచుకుంది.

"పది నిమిషాలు," అంది ఆవిడ. "బాగా మెరుగయ్యారు. బూటు ఏది?"

బల్ల మీద టీ రెండు కప్పుల్లో పోసి ఉంది. పక్కన ఆదివారంనాటి డబ్బా, మూత తీయకుండా. కుజుమి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఎందుకండీ... ఎందుకు కట్టలేదు గుడ్డ?"

"లావుపాటాయన వెళ్లిపోయాడా?"

"మీకెలా తెలుసు?"

"పోయినవారం ఒకడు కింద నిలబడి నా కిటికీలు ఫొటో తీసుకున్నాడు. అలా తీసుకున్న ప్రతిసారీ నాకు ఓనరు మారాడు. మంగళవారం ఎనిమిదింటికి చూడ్డానికి వస్తున్నారని ఎవరో కొమొరికి ఫోన్ చేశారు. కొమొరి నా దగ్గర ఏమైనా దాస్తాడా? పైగా ఇంత పెద్ద డబ్బా. తప్పు చేసినవాడే అంత పెద్ద డబ్బా తెస్తాడు."

"ఈ ఇల్లు నా డబ్బండీ! ఇరవై ఏళ్లు దాచుకున్నది!" అని అరిచాడు కుజుమి. "మీరు నన్ను ఆడిస్తున్నారు! గుడ్డ కట్టి, గుడ్డ తీసి, ఏడాదిన్నరగా కుక్కని ఆడించినట్టు ఆడిస్తున్నారు!"

"ఆడించడం కాదు, నేర్పడం," అంది ఆవిడ శాంతంగా. "గోల్ఫ్ ఆయన్ని రెండు రోజుల దగ్గరే వదిలేశాను. మీకు ఏడాదిన్నర పట్టింది, పది నిమిషాలకి దిగారు. ఇప్పుడు ఈ వయసులో ఇంకో ఓనర్ని తెచ్చి మొదట్నుంచీ నేర్పమంటే నా వల్ల కాదు. యాభై ఇళ్లున్నాయట ఆయనకి. ఎన్ని తలుపులని చూస్తాడు?"

ఆవిడ టీ కప్పు అతని ముందుకి జరిపింది.

"ఆ ముగ్గురూ పోయాక అమ్మారు. వాళ్లని నేనేమీ అనలేదు. మీరు బతికుండగా అమ్ముతున్నారు. అదొక్కటే కష్టంగా ఉంది."

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తల దించుకున్నాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు.

"ఓనరుగారూ, ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి. ఇందాక మెట్లెక్కేటప్పుడు ఎవరి కోసం ఏడ్చారు? ఇంటి కోసమా, నా కోసమా?"

కుజుమి ముప్పై నాలుగేళ్లుగా ఆకులు అమ్మినవాడు. ఏ ప్రశ్నకైనా చటుక్కున జవాబు చెప్పగలడు. ఇప్పుడు మాత్రం కప్పెత్తి టీ తాగాడు.

"సరే, చెప్పకండి," అని ఆవిడ బీపీ యంత్రం తీసింది. అది చాలాసేపు కీచుమంది. "నూట ఎనభై మూడు! మాత్రలు వేసుకుంటున్నారా?"

"మా ఆవిడ ఇస్తుంది. మరిచిపోతుంటాను."

"రోజూ కిటికీలోంచి మిమ్మల్ని చూసేదాన్ని. నవంబరులో నాలుగు రోజులు స్తంభం దగ్గర కనబడలేదు. రైలు టైముకి వరండాలో నిలబడి నిలబడి నా మోకాళ్లు పట్టేశాయి. మా ఓనరు పోయాడేమో కనుక్కోమని కొమొరిని పంపించాను, వాడికి మీ ఇల్లు తెలీదన్నాడు. కవరు కూడా తెప్పించి పెట్టుకున్నాను."

"ఏ కవరు?"

"అగరొత్తుల కవరు."

కుజుమికి నవ్వు వచ్చింది, దగ్గూ వచ్చింది. తను ఆ తలుపుని చూసిన ప్రతి ఉదయం ఆ తలుపు కూడా తనని చూసిందన్నమాట. ఆవిడ లేచి సొరుగులోంచి ఇంకో నారింజ గుడ్డ తీసింది. కొత్తది, అంచు చేత్తో కుట్టింది.

"ఇంత దూరం నుంచి మీ ముఖం ఆనదు, కళ్లు మసకలు. రేపట్నుంచి ఇది బ్యాగుకి కట్టుకోండి. నల్ల కోట్లు వేసుకున్నవాళ్లు వందమంది ఉంటారక్కడ. మీరు పోతే మీ ఆవిడ వారంలో అమ్మేస్తుంది."

"నలభై తొమ్మిది రోజులు ఆగుతుందండీ."

"ఆగదు. ముగ్గుర్ని చూశాను."

ఆ సాయంత్రం సంగతి విని కజుయో గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసింది. "కుట్టు బాగుంది," అంది. మడత పెట్టి ఇస్తూ, "మీ ఇంటి లోపల ఉన్నది తలుపుకన్నా బాగుందండీ," అంది. మర్నాడు పొద్దున్న మాత్ర అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడింది.

ఏడూ పదహారుకి కుజుమి స్తంభం దగ్గర నిలబడ్డాడు. కింది నుంచి నాలుగు, ఎడమ నుంచి మూడు. గుడ్డ ఉంది, పక్కనే ఆవిడా ఉంది. జేబులో ఫోన్ మోగింది, హనావా. ఇంకో పెద్దమనిషి దొరికి ఉంటాడు. కుజుమి ఫోన్ ఎత్తకుండా, నారింజ గుడ్డ కట్టిన బ్యాగుని రెండు చేతులా తల మీదకి ఎత్తి పట్టుకున్నాడు. నమస్కారం పెట్టే పెద్దమనిషి దగ్గరికి వచ్చాడు.

"ఏమండీ, ఆ గుడ్డ ఏ దేవుడిదో?"

"దేవుడిది కాదండీ. మా మామ్మగారు కట్టమన్నారు. నేను బతికే ఉన్నానని రోజూ తెలియాలట."

రైలు వచ్చింది. నాలుగో అంతస్తు వరండాలో ఇసొగాయి ఫుసా తెల్ల గ్లవ్ తొడిగిన చెయ్యి పైకెత్తి, బస్సు కదలొచ్చని డ్రైవరుకి చెప్పే గైడులా రెండుసార్లు ఊపింది. రైట్, రైట్. కుజుమి రైలెక్కాడు.